మానేశాడా అని అడగకండి

మా అన్నయ్య తాగుడు గురించి ఎవరు ఫోను చేసినా మొదటి మాట ఒకటే: "మానేశాడా?" బంధువులు అడిగారు, అతని ఆఫీసువాళ్ళు అడిగారు, మేము మొదటిసారి తీసుకెళ్ళిన డాక్టరూ అదే అడిగాడు. ఇంట్లో మేమైతే నోరు తెరవకుండానే రోజూ అడిగేవాళ్ళం. తలుపు తీయగానే ముఖంలోకి చూడడం, పనున్నట్టు దగ్గరికి వెళ్ళి వాసన పట్టడం, అతను స్నానానికి వెళ్ళగానే సంచి వెతకడం. ఆ ప్రశ్నకు అవును, లేదు అనే రెండు జవాబులే ఉన్నాయి. అవును అంటే నమ్మేవాళ్ళం కాదు, లేదు అంటే ఊరుకునేవాళ్ళం కాదు.

ఆరేళ్ళు ఆ ప్రశ్నతో బతికిన ఇంటి మనిషిగా చెబుతున్నాను. వ్యసనం ఎంత ముదిరిందో తెలుసుకోవడానికి గానీ, దానికి వైద్యం చేయడానికి గానీ అంతకంటే పనికిమాలిన ప్రశ్న లేదు. పనికిరాకపోతే పోనీ, అది మనుషుల ప్రాణాల మీదికి తెస్తుంది. మా ఇంట్లో తెచ్చింది కూడా.

ఆ మొదటి డాక్టరు గదిలో బల్లకు ఇవతల నలుగురం కూర్చున్నాం: అమ్మ, వదిన, అన్నయ్య, నేను. ఆయన కాగితం మీద నుంచి తల ఎత్తకుండా "రోజుకు ఎంత తాగుతావు?" అన్నాడు. నలభై ఒక్క ఏళ్ళ మనిషిని, భార్య ముందు, తల్లి ముందు అలా అడిగితే ఏం చెబుతాడు? "అప్పుడప్పుడు" అన్నాడు. "అప్పుడప్పుడా!" అని వదిన అందుకుంది. అక్కడి నుంచి ఆ గది కోర్టు అయిపోయింది. వదిన సాక్ష్యం చెప్పింది, అమ్మ ఏడ్చింది, నేను తేదీలతో సహా అతని తప్పులు ఏకరువు పెట్టాను. అన్నయ్య తల వంచుకుని చొక్కా కింది గుండీని తిప్పుతూ కూర్చున్నాడు. తిప్పగా తిప్పగా దారం తెగి గుండీ చేతిలోకి వచ్చింది. దాన్ని జేబులో వేసుకుని "మానేస్తాను" అన్నాడు. ఆ గదిలోంచి బయటపడడానికి అతనికి కనిపించిన దారి అదొక్కటే.

ఆ రోజు అడగనివి ఎన్నో ఉన్నాయి. పొద్దున లేవగానే చేతులు వణుకుతున్నాయా? ఇంతకుముందు మానబోయినప్పుడు ఫిట్స్ వచ్చాయా? నిద్రమాత్రలు ఏమైనా వేసుకుంటున్నారా? చచ్చిపోవాలని అనిపిస్తోందా? ఇవేవీ గొప్ప పరికరాలతో తేల్చవలసిన సంగతులు కావు. జాన్ ఈవింగ్ అనే అమెరికన్ వైద్యుడు 1984లో ప్రచురించిన నాలుగు ప్రశ్నలు వైద్య విద్యార్థులందరికీ తెలుసు. తాగుడు తగ్గించుకోవాలని ఎప్పుడైనా అనిపించిందా? మీ తాగుడు గురించి ఎవరైనా మాట్లాడితే చిరాకు వేసిందా? తప్పు చేస్తున్నానన్న బాధ కలిగిందా? పొద్దున్నే ఒళ్ళు కుదుటపడడానికి తాగవలసి వచ్చిందా? రెండింటికి అవునంటే ఇంకాస్త లోతుగా చూడాలి. అంతా కలిపి ఒక నిమిషం పని. కొంచెం తీరిక ఉంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారు చేయించిన 'ఆడిట్' ఉంది. పది ప్రశ్నలు, 40 మార్కులు, 8 గానీ అంతకు మించి గానీ వస్తే జాగ్రత్త పడాలి. ఎంత తాగుతారు, ఎన్నాళ్ళకోసారి తాగుతారు అనే దగ్గర మొదలై, తాగిన మర్నాడు, ముందు రాత్రి సంగతులు గుర్తు లేకపోవడం, తాగుడు వల్ల ఎవరికైనా దెబ్బలు తగలడం దాకా అడుగుతుంది. రెండింటిలో ఎక్కడా "మానేశావా?" అన్న ప్రశ్న లేదు.

ఆ రాత్రే అన్నయ్య మానేశాడు. అసలు చెప్పాలంటే మేమే మాన్పించాం. సీసాలు పారబోశాం, డబ్బు తీసేసుకున్నాం, బయటికి పోకుండా కాపలా కాశాం. మొదటి రోజు చెమటలు, వాంతులు. "మత్తు దిగుతోంది, మంచిదే" అనుకున్నాం. మూడో రాత్రి గోడ మీద పురుగులు పాకుతున్నాయని అరిచాడు. దుప్పటి మీద లేని దారాలను ఏరి పక్కన పెడుతున్నాడు. అమ్మను చూసి "టీచర్" అని పిలిచాడు. తాగడానికి నాటకం ఆడుతున్నాడని నేనే తలుపు బయట గడియ పెట్టాను. ఈ వాక్యం రాయడానికి నాకు చాలాకాలం పట్టింది. పక్కింట్లో ఉండే నర్సు కేకలు విని వచ్చి, గడియ తీసి, అతని నుదుటి మీద చెయ్యి వేసి, "ఇది మొండితనం కాదమ్మా, ఈ క్షణమే ఆసుపత్రికి తీసుకెళ్ళండి" అంది. ఆమె రాకపోయి ఉంటే ఈ వ్యాసం వేరేలా ఉండేది.

జరిగిందేమిటో తరువాత తెలిసింది. మద్యం మెదడును జోకొట్టి నిద్రపుచ్చుతుంది. ఏళ్ళ తరబడి రోజూ అలా జరిగితే, మెలకువగా ఉండడానికి మెదడు తన ఉద్రేకాన్ని పెంచుకుంటూ పోతుంది. హఠాత్తుగా మద్యం ఆగిందంటే ఆ ఉద్రేకానికి అడ్డు ఉండదు. చివరిసారి తాగిన ఆరు గంటల నుంచి 48 గంటల లోపు ఫిట్స్ రావచ్చు. 48 నుంచి 96 గంటల మధ్య కొందరికి సన్నిపాతం లాంటి స్థితి వస్తుంది. దాన్నే డెలీరియం ట్రెమెన్స్ అంటారు. జ్వరం, గుండెదడ, లేనివి కనిపించడం, మనుషులను పోల్చుకోలేకపోవడం దాని లక్షణాలు. సరైన వైద్యం లేని రోజుల్లో ఆ స్థితికి చేరినవాళ్ళలో మూడోవంతు దాకా చనిపోయేవారు. ఇప్పుడు సమయానికి ఆసుపత్రికి చేరితే చాలామంది బతుకుతున్నారు. రోజూ ఎక్కువగా తాగే మనిషిని ఇంట్లో బంధించి మాన్పించడం అంటే ఏమిటో ఇప్పుడు నాకు తెలుసు.

వార్డులో ఒక నర్సు కొన్ని గంటలకోసారి వచ్చి "చేతులు ముందుకు చాపి వేళ్ళు విడదీయండి" అనేది. వణుకు ఎంత ఉందో చూసి అంకె వేసుకునేది. చెమట, వికారం, ఆందోళన, తలనొప్పి, చెవిలో శబ్దాలు, ఇవాళ ఏ రోజో తెలుస్తోందా అన్నది, ఇలా పది అంశాలు. ఆ మొత్తాన్ని బట్టి మందు మోతాదు పెరిగేది, తగ్గేది. గ్లూకోజు ఎక్కించే ముందు బి1 విటమిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. అది లోపించిన మెదడుకు జ్ఞాపకశక్తి శాశ్వతంగా దెబ్బతినే ప్రమాదం ఉందట. మేము మూడు రోజులు కాపలా కాసి చూడలేనిదాన్ని ఆ అమ్మాయి రెండు నిమిషాల్లో చూసి కాగితం మీద పెట్టేది. ఆమె ఒక్కసారి కూడా అన్నయ్యను తప్పుపట్టలేదు.

తొమ్మిదో రోజున ఇంటికి పంపించారు. "మానేశాడు" అని అందరికీ చెప్పుకున్నాం. ఏడు వారాలకు మళ్ళీ మొదలైంది. అప్పటికి మాకు తెలియని విషయం ఏమిటంటే, ఒంట్లోంచి మత్తు దించడం వైద్యానికి గడప మాత్రమే, ఇల్లు ఇంకా లోపల ఉంది. 1971లోనే విలియం హంట్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు హెరాయిన్, సిగరెట్లు, మద్యం మానినవాళ్ళ లెక్కలు పక్కపక్కన పెట్టి చూశారు. మూడింటి గీతలూ ఒకే తీరుగా కిందికి వాలాయి. దాదాపు మూడింట రెండొంతుల మంది మొదటి మూడు నెలల్లోనే తిరిగి మొదలుపెట్టారు. అంటే మనిషి అన్నిటికన్నా బలహీనంగా ఉండే ఆ మూడు నెలలకు సరిగ్గా ముందు మేము వైద్యం ముగించుకుని ఇంటికి వచ్చేశాం.

రెండోసారి వెళ్ళిన చోట ఒక కౌన్సెలర్ ఉండేవారు. ఆవిడ మమ్మల్ని బయట కూర్చోమన్నారు. వదినకు కోపం వచ్చింది. "లోపల అన్నీ అబద్ధాలే చెబుతాడు" అంది. మూడో వారం అన్నయ్య సరేనన్నాక నన్ను లోపలికి పిలిచారు. బల్ల మీద ఏడాది మొత్తం కనిపించే క్యాలెండరు కాగితం పరిచి ఉంది. పక్కన పెన్సిలు. ముందు గుర్తున్న రోజులు రాయించారు: జీతం వచ్చే తేదీలు, పాప పరీక్షలు, నాకు ఆపరేషను జరిగిన వారం, అన్నయ్యకు పైఅధికారి మారిన రోజు. ఆ తరువాత నిన్నటి నుంచి వెనక్కి. "నిన్న?" "మొన్న?" "దానికి ముందు ఆదివారం ఎక్కడున్నారు?" అడగడం ఆవిడ వంతు, గీయడం అన్నయ్య వంతు. ఎక్కువ తాగిన రోజుకు గడి నిండా గీత, తక్కువైతే సగం గీత. సంచుల్లో సీసాలు వెతికి నేను ఆరేళ్ళలో కనిపెట్టలేని లెక్కను అతను ముప్పావుగంటలో తన చేత్తో గీసి ఇచ్చాడు. అది నేను అనుకున్నదానికంటే ఎక్కువే ఉంది.

ఆ పద్ధతిని లిండా సోబెల్, మార్క్ సోబెల్ అనే దంపతులు రూపొందించారు. శిక్ష భయం లేకుండా, ఏకాంతంలో, ఒంట్లో మత్తు లేని సమయంలో అడిగితే తాగేవాళ్ళు చెప్పే లెక్కలు చాలావరకు నమ్మదగినవేనని వాళ్ళ పరిశీలనలు చూపించాయి. అబద్ధాలకోరుతనం జబ్బు లక్షణమని మేము అనుకునేవాళ్ళం. అందులో మేము అడిగే తీరు వాటా ఎంతో ఆ కాగితం చూశాక తెలిసింది.

ఆవిడ పెన్సిలు మొనతో ఒక వారం మీద తట్టి, "ఇక్కడ గీతలు ఇంత చిన్నవి ఉన్నాయే. ఈ వారం ఎలా తగ్గించగలిగారు?" అన్నారు. అన్నయ్య చాలాసేపు మాట్లాడలేదు. "పాపకు జ్వరం. రాత్రుళ్ళు నేనే కూర్చున్నాను. నిద్రపోయేదాకా నా వేలు వదిలేది కాదు" అన్నాడు. అన్నేళ్ళలో మేమందరం తాగిన రోజుల గురించే అడిగాం. తక్కువ తాగిన రోజుల గురించి అడిగిన మొదటి మనిషి ఆవిడ. వైద్యం ఎలా సాగాలో ఆ జవాబులో ఉంది. రాత్రి తొమ్మిది నుంచి పదకొండు దాకా గండం, ఆ సమయంలో చేతికి ఒక పని, పక్కన ఒక మనిషి కావాలి. ఆ కాగితం లేకపోతే ఈ సంగతి ఎవరికి తెలిసేది?

అందుకే అంచనా వేయడం ఒకటీ, చికిత్స ఒకటీ అని విడదీసి మాట్లాడేవాళ్ళతో నేను ఏకీభవించను. అడిగిన తీరులోనే వైద్యం మొదలవుతుంది, లేదా చెడుతుంది. విలియం మిల్లర్ బృందం 1993లో ప్రచురించిన పరిశోధనలో, కౌన్సెలర్ ఎంత నిలదీస్తే ఏడాది తరువాత ఆ మనిషి అంత ఎక్కువ తాగుతున్నట్టు తేలింది. కాగితాల మీద రాసే మాట కూడా ముఖ్యమే. 2010లో జాన్ కెల్లీ, కాసాండ్రా వెస్టర్‌హాఫ్ ఐదువందల మందికి పైగా మానసిక వైద్య నిపుణులకు ఒకే మనిషి కథ ఇచ్చారు. సగం మందికి ఇచ్చిన కాగితంలో అతనికి వ్యసన రుగ్మత ఉందని రాసి ఉంది, మిగతావారికి ఇచ్చిన దానిలో దుర్వినియోగం చేసేవాడని రాసి ఉంది. రెండో మాట చదివినవాళ్ళు అతన్ని శిక్షించాలన్న వైపు ఎక్కువగా మొగ్గారు. చదువుకున్న నిపుణుల మనసే ఒక్క మాటతో అలా మారితే, తాగుబోతు అని ఇంట్లో రోజూ పిలిపించుకునే మనిషి తన గురించి తాను ఏమనుకుంటాడు?

"జబ్బు జబ్బు అంటే బాధ్యత ఎవరిది? ఎంతమంది సొంతంగా మానుకోలేదు?" అని నన్ను చాలామంది అడిగారు. సొంతంగా మానుకునేవాళ్ళు ఉన్న మాట నిజమే, చాలామందే ఉన్నారు. వియత్నాం యుద్ధంలో హెరాయిన్‌కు అలవాటుపడిన అమెరికన్ సైనికుల గురించి లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు 1970లలో చేసిన అధ్యయనం చూడండి. అక్కడ సుమారు ఐదోవంతు మంది సైనికులు వ్యసనంలో పడ్డారు. ఇంటికి వచ్చిన మొదటి ఏడాదిలో వాళ్ళలో తిరిగి వ్యసనంలో పడినవాళ్ళు 5 శాతమే. యుద్ధం, భయం, చేతికందే సరుకు, పక్కన అదే పని చేసే స్నేహితులు అన్నీ ఒక్కసారిగా పోయాయి. అయితే దీని నుంచి "తలచుకుంటే ఎవరైనా మానగలరు" అన్న నీతి తీయడం నాకు అన్యాయంగా తోస్తుంది. చుట్టూ ఉన్న బతుకు మారితే మనిషి మారడం తేలికవుతుందని అది చెబుతోంది. ఆ 5 శాతం మంది ఎందుకు మారలేకపోయారని కూడా అడుగుతోంది. తేలికపాటి వ్యసనం ఉన్నవాడికి ఒక మంచి సంభాషణ చాలవచ్చు. తీవ్రంగా ఉన్నవాడికి మందులు, నెలల తరబడి తోడు, ఒక్కోసారి ఆసుపత్రి కావాలి. ఎవరికి ఏది కావాలో తేల్చడానికే కదా అంచనా.

2013లో వచ్చిన అమెరికన్ మానసిక వైద్యుల ప్రమాణాలు దీన్ని ఒప్పుకున్నాయి. వ్యసనపరుడు, కానివాడు అని రెండు గదుల్లో పెట్టకుండా 11 లక్షణాలు చెప్పి, ఏడాదిలో రెండు మూడు కనిపిస్తే స్వల్పం, నాలుగైదు అయితే మధ్యస్థం, ఆరు గానీ అంతకు మించి గానీ ఉంటే తీవ్రం అన్నారు. అనుకున్నదానికంటే ఎక్కువ తాగడం, తాగాలన్న యావ, తాగుడు కోసం ఇష్టమైన పనులు వదిలేయడం లాంటివి ఆ లక్షణాలు. జూదాన్ని కూడా అప్పుడే వ్యసనాల వరుసలో చేర్చారు. అది మంచి నిర్ణయమని నా అభిప్రాయం. జూదగాడి రక్తంలో, మూత్రంలో ఏ పరీక్షా ఏమీ చూపించదు, అడగడం తప్ప దారి లేదు.

దిగులు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. తాగడం వల్ల దిగులు వచ్చిందా, దిగులు వల్ల తాగాడా అన్నది మొదటి రోజే తేలదు. మత్తు దిగిన కొన్ని వారాలకు చాలామందిలో దిగులు దానంతట అదే పలుచబడుతుంది. పోకపోతే దానికి వేరే వైద్యం చేయాలి. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన ఉంటే మాత్రం ఆ వారాలు ఆగకూడదు.

ఇక మందులు. ఇక్కడ నాకు కోపం ఎక్కువ. "ఒక మత్తు మాన్పించడానికి ఇంకో మత్తా?" అనే మాట ఎంతమంది ప్రాణాలు తీసిందో! వార్డులో అన్నయ్య పక్క మంచం మీద ఒక కుర్రాడు ఉండేవాడు. ఇంజెక్షన్ల వ్యసనం. తరువాత మందులేవీ లేకుండా కేవలం కట్టడిలో ఉంచే చోట మూడు నెలలు ఉండి, "మానేసి" ఇంటికి వచ్చాడు. వచ్చిన వారంలోపే పాత మోతాదు తీసుకుని చనిపోయాడు. మూడు నెలల్లో ఒంటికి తట్టుకునే శక్తి పోయింది, మనసుకు పాత లెక్క మాత్రం గుర్తుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో జైలు నుంచి విడుదలైనవాళ్ళ మీద 2007లో వచ్చిన అధ్యయనం ప్రకారం, మొదటి రెండు వారాల్లో మోతాదు మించి చనిపోయే ప్రమాదం అక్కడి మామూలు జనంతో పోలిస్తే 129 రెట్లు ఎక్కువ. హెరాయిన్ లాంటి నల్లమందు జాతి మత్తుల విషయంలో మానడమే గమ్యం అనుకుని వైద్యానికి ఇచ్చే మందు ఆపేస్తే, ఆ కుర్రాడిని తయారు చేసిపెట్టినట్టే.

1965లో విన్సెంట్ డోల్, మేరీ నైస్వాండర్ అనే వైద్యులు న్యూయార్క్‌లో 22 మందికి హెరాయిన్ వ్యసనానికి వైద్యంగా మెథడోన్ అనే మందు ఇచ్చి చూసి, వాళ్ళు చదువుల్లోకి, ఉద్యోగాల్లోకి తిరిగి వెళ్ళారని రాశారు. తరువాత అదే పనికి బ్యూప్రెనార్ఫిన్ అనే మందు వచ్చింది. 2017లో అనేక అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణలో, మెథడోన్ చికిత్సలో ఉన్నప్పుడు ఏడాదికి వెయ్యి మందికి 11 మరణాలు ఉంటే, చికిత్స వదిలేసినప్పుడు 36 ఉన్నాయి. ఇన్సులిన్ వాడే మనిషిని "ఇంకా మానలేదా?" అని ఎవరూ అడగరు. బ్యూప్రెనార్ఫిన్ వాడే మనిషిని మాత్రం సొంత తండ్రే అడుగుతాడు.

మద్యానికి నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ ఉన్నాయి. తాగితే ఒళ్ళు ఎర్రబడి, వాంతులై, రక్తపోటు పడిపోయేలా చేసే డైసల్ఫిరామ్ కూడా ఉంది. ఈ చివరిదాన్ని తెలియకుండా అన్నంలో కలిపి పెట్టమని మాకూ ఒకరు సలహా ఇచ్చారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ మందు ఒంట్లో ఉందని తెలియని మనిషి తాగితే ప్రాణం పోవచ్చు. బతికినా, మళ్ళీ మీ చేతి ముద్ద నమ్మి తినడు.

"అడుగంటేదాకా వదిలేయండి, దెబ్బ తగిలితే తనే వస్తాడు" అన్నవాళ్ళూ ఉన్నారు. కొందరికి ఆ అడుగు ఆరడుగుల లోతున ఉంటుంది. రాబర్ట్ మేయర్స్ అనే పరిశోధకుడు రూపొందించిన ఒక పద్ధతి ఇంటివాళ్ళకు వేరే పాఠం నేర్పుతుంది. తాగని గంటలను గుర్తించి ఆ గంటల్లో దగ్గరగా ఉండడం, తాగినప్పుడు గొడవ పడకుండా పక్కకు తప్పుకోవడం, మనిషి మెత్తబడిన సమయం చూసి వైద్యం మాట ఎత్తడం. 1999లో వెలువడిన పోలికలో, ఈ పద్ధతి నేర్చుకున్న ఇళ్ళలో 64 శాతం మంది చికిత్సకు వచ్చారు. అందరూ కలిసి ఒక్కసారిగా చుట్టుముట్టి నిలదీసే పద్ధతిలో 30 శాతం మందే వచ్చారు. వదిన ఈ పద్ధతి నేర్చుకుంది. ఆమెకు అన్నయ్య కంటే ఎక్కువ ఓర్పు కావలసి వచ్చిందని నేను సాక్ష్యం చెబుతాను.

పద్నాలుగో నెలలో ఒక రాత్రి అన్నయ్య ఫోను చేశాడు. గొంతు వినగానే తెలిసింది. నా నోటి చివర పాత ప్రశ్న ఉంది. దాన్ని మింగి, "ఎక్కడున్నావు? ఎవరైనా పక్కన ఉన్నారా?" అన్నాను. బస్టాపులో ఒక్కడే కూర్చున్నానన్నాడు. "అంతా పోయిందే చెల్లీ. పద్నాలుగు నెలలూ పోయాయి" అని ఏడ్చాడు. వెళ్ళి ఇంటికి తీసుకొచ్చాను. వదిన తలుపు తీసి, ఏమీ అడగకుండా మంచినీళ్ళు ఇచ్చింది.

మర్నాడు పొద్దున కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ ఆ ఏటి క్యాలెండరు కాగితం తీసి పరిచారు. అన్నయ్య పెన్సిలు తీసుకుని నిన్నటి గడిలో నిండా గీత గీశాడు. ఆవిడ దాన్ని కాసేపు చూసి, "నిన్న మధ్యాహ్నం నుంచి చెప్పండి. మూడింటికి ఎక్కడున్నారు?" అన్నారు. చెబుతూ చెబుతూ సాయంత్రం ఏడు దగ్గర ఆగాడు. ఆఫీసులో ఒకరి వీడ్కోలు, అందరూ వెళ్ళిపోయాక ఖాళీ గదిలో మిగిలిన సీసా. ఆవిడ గడి పక్కన చిన్న అక్షరాలతో "7, ఒంటరిగా" అని రాశారు. తరువాత వచ్చే నెల గడులు చూపించి, ఇలాంటి సాయంత్రాలు ఇంకెన్ని ఉన్నాయో గుర్తు పెట్టమన్నారు. అన్నయ్య వంగి మూడు చోట్ల చుక్కలు పెట్టాడు. మొదటి చుక్క పక్కన నా ఫోను నంబరు రాసుకున్నాడు.